ఫోన్‌లో చెప్పిన అంకె నేను రాయలేదు: నా అనుభవం

ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టడం నా వృత్తి. రిపోర్టుల మీద నేనే సంతకం పెట్టడం మొదలుపెట్టిన రెండో ఏడాదిలో జరిగిన సంగతి ఇది.

ఒక పెద్దాయన తన ఇల్లు తాకట్టు పెట్టి, కొడుకు వ్యాపారం కోసం లోన్ తీసుకోబోతున్నారు. లోన్ ఇచ్చే సంస్థ ఆ ఇంటి వాల్యుయేషన్ నాకు అప్పగించింది. నేనింకా ఇల్లు చూడనే లేదు, ఆ లోన్ ఇప్పిస్తున్న ఏజెంట్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఇంత వస్తేనే ఫైల్ కదులుతుంది, కాస్త చూడండి" అంటూ ఒక అంకె చెప్పాడు. అలాంటి షరతు మీద పని తీసుకోనని అప్పుడే చెప్పేయాల్సింది. మొహమాటపడి "చూస్తానండి" అన్నాను. అతను దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకున్నాడు.

ఇంటికి వెళ్లి కొలతలు, ఫోటోలు తీసుకున్నాను. వెనక గది పైకప్పులో చెమ్మ కనిపించింది. బయల్దేరుతుంటే పెద్దాయన "ఎంత వస్తుందమ్మా?" అని అడిగారు. పని అప్పగించింది సంస్థ కాబట్టి విలువ ఎంతో వాళ్లకే చెప్పాలి. ఆ మాటే ఆయనకు చెప్పి వచ్చేశాను. ఇల్లు ఆయనదే, రిస్కూ ఆయనదే, కానీ జవాబు మాత్రం ఆయనకు చెప్పలేను. చాలా బాధనిపించింది.

అసలు పరీక్ష టేబుల్ దగ్గర మొదలైంది. మార్కెట్ విలువ అంటే ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు, అన్నీ తెలుసుకుని, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకునే ధర. దాన్ని అంచనా వేయడానికి చుట్టుపక్కల ఈ మధ్య అమ్ముడైన ఇళ్లలో దగ్గరగా పోలిన మూడింటిని తీసుకున్నాను. ఆ ఇళ్లలో ఈ ఇంటికన్నా మెరుగైన అంశానికి ధర తగ్గించి, తక్కువైన అంశానికి పెంచి చూశాను. ఏజెంట్ చెప్పిన దానికంటే 12 శాతం తక్కువ వచ్చింది.

ఆ తేడా పూడ్చడానికి అబద్ధం రాయక్కర్లేదు, నన్ను భయపెట్టింది అదే. మూడింటిలో ఒకటి తీసేసి పెద్ద రోడ్డు అవతల ఉన్న కొత్త ఇంటిని పెట్టి, ఇంటి వయసుకు తగ్గించేది కొంచెం తక్కువ తగ్గిస్తే సరిపోతుంది. ఏ వాక్యానికావాక్యం నిజమే, మొత్తం రిపోర్ట్ మాత్రం తప్పు. ఆ ఎక్కువ విలువ మీద పెద్ద లోన్ ఇస్తారు. వ్యాపారం నడవకపోతే ఇల్లు అమ్మినా అప్పు తీరకపోవచ్చు.

వచ్చిన విలువే రాసి పంపాను. మర్నాడు ఏజెంట్ మళ్లీ ఫోన్ చేశాడు. సంస్థ పని ఇచ్చేవాళ్ల జాబితా, అంటే ప్యానెల్‌లోంచి నా పేరు పోతుందన్నాడు, అనుకున్న అంకె వస్తే అదనంగా ఫీజు ఇప్పిస్తానన్నాడు. విలువ కట్టేవాళ్ల కోసం అమెరికాలో అమల్లో ఉన్న యూస్‌పాప్ ప్రమాణాలు ముందే అనుకున్న విలువ వస్తేనే ఫీజు అనే ఒప్పందాన్ని సూటిగా నిషేధిస్తాయి. ఫీజుకూ విలువకూ సంబంధం లేదని నేనూ ప్రతి రిపోర్టులో సంతకం చేస్తాను. అభ్యంతరం ఉంటే సంస్థ ద్వారా, ఆధారాలతో, రాతపూర్వకంగా పంపమన్నాను. ఆ ఫోన్ సంగతి సంస్థకు ఈమెయిల్ చేసి, తేదీ, సమయం వర్క్ ఫైల్‌లో, అంటే ఆ పని తాలూకు ఆధారాలన్నీ దాచే ఫైల్‌లో రాసుకున్నాను.

మరో మూడు అమ్మకాల వివరాలు వచ్చాయి. ఒకటి అన్నదమ్ముల మధ్య జరిగింది. ఇంకొకటి పక్క స్థలంతో కలిపి అమ్మింది. మూడోది మాత్రం అదే వీధి, దాదాపు అదే వయసు ఇల్లు. నేను చూసి ఉండాల్సింది, చూడలేదు. దాన్ని చేర్చి లెక్కేస్తే విలువ 2 శాతం పెరిగింది. ఇప్పుడు మారిస్తే లొంగిపోయాననుకుంటారేమోనని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. నాకు పని నేర్పిన మేడమ్‌కి చెబితే ఒక్కటే అడిగారు: "అంకె డేటా వల్ల మారిందా, ఫోన్ వల్ల మారిందా? ఫైల్ చూసినవాళ్లకు అది తెలుస్తుందా?" కారణాలన్నీ రాసి, సవరించిన రిపోర్ట్ పంపాను.

అది కూడా చాలలేదేమో, నేను పక్షపాతంతో తక్కువ కట్టానని ఫిర్యాదు వెళ్లింది. విచారణలో వర్క్ ఫైల్ అడిగారు. యూస్‌పాప్ ప్రకారం దాన్ని కనీసం 5 ఏళ్లు దాచాలి. ఫోటోలు, కొలతలు, వదిలేసిన అమ్మకాలు, ఎందుకు వదిలేశానో, అన్నీ ఫైల్‌లో ఉన్నాయి. నాలుగు నెలలు ప్రతి ప్రశ్నకూ ఆ కాగితాల్లోంచే జవాబిచ్చాను. టెన్షన్ మాత్రం తగ్గలేదు.

విలువలో పక్షపాతం లేదని తేల్చారు. అయితే రెండు లోపాలు రాశారు: ఆ వీధిలోని అమ్మకం మొదట్లోనే చూడాల్సింది, ఏజెంట్ మొదటి ఫోన్ సంగతి ఫైల్‌లో లేదు. రెండూ నిజమే.

ఆ సంస్థ నాకు మళ్లీ పని ఇవ్వలేదు. అప్పట్లో నా సంపాదనలో దాదాపు మూడో వంతు అక్కణ్నుంచే వచ్చేది, కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో అంకె చెప్పబోతే మధ్యలోనే ఆపి, విలువ ముందే ఒప్పుకుని పని తీసుకోనని చెప్పేస్తాను. ఫోన్ పెట్టగానే ఆ సంగతి ఫైల్‌లో రాస్తాను.