హంబర్‌స్టోన్ నమూనా: తొమ్మిదో వారం

ఈ వారంతో హంబర్‌స్టోన్ నాటకశాల పైకప్పు పూర్తయింది. చిలీ ఉత్తర భాగంలోని అటకామా ఎడారిలో, ఇకీకే రేవుకు తూర్పున ఉన్న ఈ పాడుబడిన గనుల పట్టణాన్ని నల్లగొండలోని మా మేడమీది గదిలో 1:100 కొలతతో కడుతున్నాను. పట్టణమంతటికీ చోటు చాలదు కనుక నాటకశాల, కంపెనీ దుకాణం, ఇనుప పలకలతో చేసిన ఈత కొలను, వాటి నడుమ ఉన్న మైదానం మాత్రమే ఎంచుకున్నాను.

అక్కడి కట్టడాలకు వాడినవి ఒరెగాన్ పైన్ కలప, ముడతల జింకు రేకులు. గోడలకు అగరుబత్తి పుల్లలను నిలువునా చీల్చి అతికించాను. రేకులే ఎక్కువ కాలం తీసుకున్నాయి. ముడతలు వేయడానికి వాడిన ఐదు మిల్లీమీటర్ల బోల్టుకు మర గీతల మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు, అంటే 1:100 కొలతలో అసలు కట్టడం మీది 8 సెంటీమీటర్లకు సమానం. అసలు రేకు ముడతకు ఇది చాలా దగ్గర. భోజనం పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బాను విప్పి, సైకిల్ ట్యూబు ముక్క మీద పరచి, దానిపై బోల్టును గట్టిగా దొర్లించాలి. మర మెలిక తిరిగి ఉంటుంది కనుక ముడతలు దాదాపు మూడు డిగ్రీలు వాలుగా పడతాయి. ఇది గమనించక మొదటి పన్నెండు రేకులు పాడుచేసుకున్నాను. ఇప్పుడు డబ్బా అంచును పట్టించుకోకుండా ముడత వెంబడే స్కేలు పెట్టి కోస్తున్నాను. తుప్పు రంగుకు మెత్తగా జల్లించిన ఇటుక పొడిని పలుచని జిగురులో కలిపి పూస్తే చాలు.

నేల కోసం మిర్యాలగూడ వైపు మా మేనమామ పొలంలోని చౌడు మట్టి తెచ్చాను. అటకామాలో తవ్వి తీసిన కాలిచే అనే ఉప్పుమట్టిని తలపించే తెల్లదనం దానికుంది. అయితే కడగకుండా పరచినందువల్ల వారం తిరగకముందే ఉప్పు పొంగి జిగురు ఊడిపోయింది. మూడుసార్లు నీళ్ళలో కలిపి, తేరిన నీటిని వంపేసి, ఎండబెట్టి పరిచాక నిలిచింది. పోయిన తెల్లదనాన్ని సుద్ద పొడితో తెచ్చుకున్నాను.

మట్టి నుంచి ఉప్పును నీటితో విడదీయడమే ఆ పట్టణపు వృత్తి. కాలిచేను పగలగొట్టి, వేడినీటిలో కరిగించి, చల్లార్చి సోడియం నైట్రేట్ స్ఫటికాలు తీసేవారు. అవి ఎరువుకూ, పేలుడు పదార్థాలకూ ఓడల్లో వెళ్ళేవి. 1872లో లా పాల్మా పేరుతో వెలసినప్పుడు ఆ ప్రాంతం పెరూది. 1879లో మొదలైన యుద్ధం తరువాత చిలీది అయింది. ఊరు ఖాళీ అయింది ఖనిజం అయిపోయి కాదు, అక్కడ అది ఇంకా మిగిలే ఉంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేయగలిగాడు, 1913లో జర్మనీలోని ఒప్పావులో ఆ పద్ధతితో కర్మాగారం నడిచింది, ఆపైన ఎడారి ఉప్పుకు గిరాకీ క్రమంగా పడిపోయింది. 1934లో కొత్త యాజమాన్యం హంబర్‌స్టోన్ అని పేరు మార్చి నిలబెట్టినా, 1960 నాటికి ఊరు ఖాళీ అయింది. చౌడు తవ్విన రోజు మామయ్య కొట్టంలో యూరియా బస్తాలు చూశాను. ఆ అమ్మోనియాతోనే చేసిన ఎరువది. అందుకే నమూనా పీఠానికి యూరియా సంచి గుడ్డనే చుట్టాలని నిర్ణయించుకున్నాను.

వచ్చే వారం దుకాణం మొదలుపెడతాను. నైట్రేట్ గనుల్లో కూలీలకు చాలాకాలం డబ్బుకు బదులు కంపెనీ బిళ్ళలిచ్చేవారు, అవి ఆ కంపెనీ దుకాణంలోనే చెల్లేవి. ఈ కొలతలో బిళ్ళ కంటికి ఆనదు కనుక, దుకాణం గుమ్మాన్నీ లోపలి బల్లనూ బయటికి కనబడేలా ముందుగోడను విడిగా ఊడదీసే విధంగా కడతాను.