మోసుల్‌కు ముందు పదకొండేళ్లు

ఇరాక్, సిరియాల్లో ‘ఇస్లామిక్ స్టేట్’ పేరిట ఊళ్లు పట్టిన సాయుధ ముఠా ఐసిస్ ఎలా పెరిగిందో పాత వార్తలు చూసి రాసుకురమ్మని మా జర్నలిజం పిల్లలకు చెప్పాను. ఎంవీపీ కాలనీలో మా వరండాలో కూర్చుని దిద్దుతుంటే, ఒక్కటి కూడా తేడా లేకుండా అన్నీ 2014 జూన్ 10న మొదలయ్యాయి. ఇరాక్‌లోని మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కిన రోజు. పిల్లల్ని ఏమనగలం? అప్పుడు టీవీల్లోనూ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టే చూపించారు.

ఊడిపడలేదు. 2003 మేలో అమెరికా తరఫున ఇరాక్‌ను ఏలుతున్న పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో అక్కడి సైన్యాన్ని రద్దు చేశాడు. తుపాకీ తప్ప వేరే పని తెలియనివాళ్లు లక్షల్లో రోడ్డున పడ్డారు. వాళ్లలో కొందరు అధికారులే తర్వాత ఐసిస్ దళాలను నడిపారు. 2004లో, తర్వాత ఐసిస్ అధినేత అయిన బాగ్దాదీ అమెరికన్ల బుక్కా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. ఆ ఏడాదే ఇరాక్‌లో ఒక సాయుధ ముఠాను నడుపుతున్న జర్ఖావీ అల్ ఖైదాలో చేరాడు. 2006 జూన్‌లో అతను హతమైతే పత్రికలన్నీ పెద్ద అక్షరాల్లో వేశాయి. అక్టోబర్‌లో అతని మనుషులే ‘ఇస్లామిక్ స్టేట్ ఆఫ్ ఇరాక్’ అని ప్రకటించుకుంటే ఎంతమంది చదివారు? అదే తర్వాత ఐసిస్ అయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మనకు అందింది ఒకే తీరు వార్త: బాగ్దాద్‌లో పేలుడు, ఇంతమంది మృతి. ఎవరు పేల్చారు, వాళ్లకు డబ్బెక్కడిది, ఎందుకు జనం వాళ్ల వెంట వెళ్తున్నారు అన్నవి అందులో ఉండవు.

విశాఖలో చాలా ఏళ్లు డెస్కులో పనిచేశాను కనుక కారణం తెలుసు. దసరా ముందు జగదాంబ సెంటర్ బట్టల షాపు యాడ్ వచ్చిందంటే మొదట కోత పడేది విదేశీ వార్తలకే. మిగిలిన జాగాలో మృతుల సంఖ్య పడుతుంది, కారణం పట్టదు.

2015 జులైలో లిబియాలోని సిర్త్ దగ్గర తెలుగు లెక్చరర్లు ఇద్దరు అపహరణకు గురయ్యారు. ఒకాయనది మన శ్రీకాకుళం జిల్లా. ఆ ఇంటివాళ్ల టెన్షన్‌ను చానళ్లు గంటలకొద్దీ చూపించాయి. ఇరాక్‌లో పుట్టిన ఐసిస్ లిబియాకు ఎలా చేరిందో మాత్రం నేను చూసినంతలో ఎవరూ చెప్పలేదు. 2011లో లిబియా పాలకుడు గడాఫీ పోయాక ఆ దేశం సాయుధ ముఠాల పాలైంది. సిరియాలో పోరాడి తిరిగొచ్చినవాళ్లు 2014లో లిబియాలోని డెర్నా పట్టణంలో ఐసిస్ జెండా ఎత్తారు, మరుసటి ఏడాది సిర్త్‌ను పట్టారు. గడాఫీ సొంత ప్రాంతమది. ఓడిపోయినవాళ్ల కోపం అక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది, ఇరాక్‌లో ఉన్నట్టే. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కొడుకు కోసం అప్పుడు ఎదురుచూసిన ఆ ఇంటికి కూడా అవి తెలుసుకునే హక్కు ఉండేది.