సింగిల్ ఫేజ్ నుంచి త్రీఫేజ్‌కి: మా ఇంటి కరెంటు పని

గుంటూరు శివారులో నాన్న ఇల్లు కట్టింది 1998లో. అప్పట్లో ఇంట్లో ఉన్నవి నాలుగు ఫ్యాన్లు, ఆరు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్రిజ్, ఒక మిక్సీ. 2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ సర్వీసు, అంటే ఒకే కరెంటు తీగ (ఫేజు) మీద నడిచే కనెక్షన్, హాయిగా సరిపోయింది. తర్వాత బోరు మోటారు వచ్చింది, గీజర్ వచ్చింది, ఏసీ వచ్చింది. సర్వీసు మాత్రం అదే. ఎండాకాలం రాత్రుళ్లు ఏసీ కంప్రెసర్ అందుకోగానే హాల్లో ట్యూబ్‌లైట్ ఒక్కసారి కుంగి లేచేది. ఓల్టేజీ తక్కువేమోలే అనుకుని ఏళ్ల తరబడి సర్దుకుపోయాం.

పైన అంతస్తు వేద్దామనుకున్న ఏడాది మీటర్ దగ్గర కాలిన వాసన వచ్చింది. మెయిన్ ఆపి పింగాణీ ఫ్యూజు లాగి చూస్తే, వైరు తొడుగు బెల్లం పాకంలా కరిగి రాగికి అంటుకుపోయి ఉంది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. ఆ గోడకు అవతలే అమ్మానాన్నలు పడుకునే గది.

మా ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఇరవై ఏళ్లుగా మా వీధికంతా తెలిసినవాడు. అతన్ని కూర్చోబెట్టి, ఇప్పుడున్నవే కాదు, రాబోయే పదేళ్లలో వచ్చేవి కూడా కాగితం మీద రాశాం. టన్నున్నర ఏసీలు మూడు, ఒక్కోటి కిలోవాటున్నర పైనే. గీజర్లు రెండు, ఒక్కోటి 2 కిలోవాట్లు. ఇండక్షన్ స్టవ్ 2 కిలోవాట్లు. ఒక హార్స్‌పవర్ మోటారు ముప్పావు కిలోవాటు. ఎప్పుడైనా ఎలక్ట్రిక్ కారు కొంటే మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద 3.3 కిలోవాట్లు, గోడకు బిగించే పెద్ద చార్జర్ అయితే 7.2. అన్నీ ఒకేసారి వేయం కదా అని కొంత తగ్గించుకుని, 8 కిలోవాట్లు అడగాలని తేల్చుకున్నాం.

"ఎనిమిదంటే త్రీఫేజే బాబూ. అదంతా సింగిల్ ఫేజ్‌లో లాగితే ఒక్క తీగ మీద ముప్పై అయిదు ఆంపియర్లు పోతాయి. మూడింటికి పంచితే ఒక్కోదానికి పదకొండు, పన్నెండే" అన్నాడు బాబాయ్. విద్యుత్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు కూడా ఎనిమిది కిలోవాట్లకు త్రీఫేజ్ తప్పదన్నారు.

నాన్న మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. లోడు పెంచితే బిల్లు పేలిపోతుందని ఆయన భయం. పాత బిల్లు తీసి చూపించాను. లోడుకు పడేది కిలోవాటుకు నెలకు 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ. రెండు నుంచి ఎనిమిదికి పోతే నెలకు 60 రూపాయలు ఎక్కువ. మిగతాదంతా మనం కాల్చే యూనిట్లను బట్టే. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు.

దరఖాస్తుకు పెద్ద టెన్షన్ పడలేదు. ఇంటి పన్ను రసీదు, ఆధార్, సర్వీస్ నంబర్, పాత బకాయిలు లేకుండా చూసుకోవడం, అంతే. అసలు చిక్కు ఇల్లు చూడడానికి లైన్‌మన్ వచ్చినప్పుడు బయటపడింది. ఆయన మా గుమ్మం దాకా కూడా రాలేదు. వీధిలోనే ఆగి తల పైకెత్తి, "మాస్టారూ, మీ స్తంభం మీద తీగలెన్నో లెక్కపెట్టండి" అన్నాడు.

రెండే ఉన్నాయి. కరెంటు తెచ్చే ఫేజు ఒకటి, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ ఒకటి. పాతికేళ్లుగా ఆ స్తంభం కిందనుంచే బడికి వెళ్తున్నాను, ఒక్కసారీ లెక్కపెట్టలేదు. మలుపు దగ్గర ఉన్న ముందు స్తంభం దాకా మూడు ఫేజులూ వచ్చి, అక్కడే ఆగిపోయాయి. మా వీధిలోకి ఒక్క ఫేజునే లాగారు. ఇంకో రెండు తీగలు మా స్తంభం దాకా లాగితే తప్ప త్రీఫేజ్ ఇవ్వడం కుదరదు. ఆ పని కూడా ఎస్టిమేట్‌లో చేరింది. డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్‌తో కలిపి కట్టేశాం. త్రీఫేజ్ కావాలనుకునేవాళ్లు దరఖాస్తు కంటే ముందు వీధిలో నిలబడి ఆ తీగలు లెక్కపెట్టుకోవాలి. ఎంత సమయం పడుతుందో, ఎంత ఖర్చవుతుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

లైను పని నడుస్తుండగా ఇంట్లో పని మొదలుపెట్టాం. బాబాయ్ ముందు చూసింది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు. ఒక బల్బు తీసుకుని, హోల్డర్ వైర్లలో ఒకటి ఫేజుకూ ఇంకొకటి ఎర్తుకూ పెట్టాడు. ఎర్తింగ్ బాగుంటే బల్బు నిండుగా వెలగాలి. మా ఇంట్లో అది నిప్పుకణికలా ఎర్రగా మినుకుమంది. పెరట్లో తవ్వి చూస్తే పాత పైపు సగానికి సగం తుప్పుపట్టి పోయింది. అంటే గీజర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు పెట్టుకుని కూడా ఇన్నేళ్లూ ఏ రక్షణా లేకుండానే స్నానాలు చేశామన్నమాట. ఎనిమిది అడుగుల గొయ్యి తీయించి కొత్త జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించాం. వేసవిలో దాంట్లో నీళ్లు పోయడం ఇప్పుడు నాన్న పని.

స్తంభం నుంచి మీటర్‌కు నాలుగు కోర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్, 16 స్క్వేర్ ఎంఎం వేశాం. 8 కిలోవాట్లకు అంత లావు అక్కర్లేదు. కానీ గోడ లోపల, నేల లోపల పోయేవాటిని మళ్లీ మళ్లీ పగలగొట్టలేం. అక్కడ మాత్రం నేను రూపాయికి వెనకాడలేదు. కార్ పోర్టికో దాకా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, రేపు సోలార్ పెడితే దాని వైర్ల కోసం డాబా పై నుంచి మీటర్ దాకా ఒక ఖాళీ పైపు, పైవాటా ఎప్పుడైనా అద్దెకిస్తే రెండో మీటర్‌కు బోర్డు మీద చోటు, అన్నీ అప్పుడే పెట్టించాం. పింగాణీ ఫ్యూజులు పోయి, లోడు మితిమీరితే వాటంతటవే పడిపోయే ఎంసీబీ స్విచ్చులు, కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీలు వచ్చాయి.

కొత్త మీటర్ పెట్టిన రోజు సాయంత్రం ఇంకో గండం. బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు డీబీ (ఇంటి వైర్లన్నీ, ఎంసీబీలూ ఉండే పెట్టె) బిగించి వెళ్లాడు. ఏడింటికి హాల్లో ఫ్యాను ఉన్నట్టుండి రివ్వున తిరిగింది. లైట్లు కళ్లు చెదిరేలా వెలిగాయి. వంటింట్లో బల్బు మాత్రం గుడ్డిదీపంలా అయిపోయి, ఫ్రిజ్ మూలిగింది. నాన్న పరుగున వెళ్లి మెయిన్ దించేశారు. ఆలోపే సెట్‌టాప్ బాక్సు, రెండు బల్బులు పోయాయి.

బాబాయ్ భోజనం మధ్యలో లేచి వచ్చాడు. టార్చి వేసి డీబీ తెరిచి, మెయిన్ న్యూట్రల్ వైరు రెండు వేళ్లతో పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చింది. స్క్రూ రాగి మీద కాకుండా నల్ల తొడుగు మీద బిగిసి ఉంది. త్రీఫేజ్‌లో న్యూట్రల్ పోతే రెండు ఫేజుల మధ్య ఉండే 415 ఓల్టులను ఇంట్లో వస్తువులే పంచుకుంటాయి. లోడు తక్కువున్న ఫేజు మీదికి 230కి బదులు మూడొందల పైచిలుకు వచ్చి పడొచ్చు. ఆ రాత్రే తొడుగు గీరి, వైరు కొసకు లగ్ (లోహపు బిగింపు ముక్క) వేసి, ప్రతి స్క్రూ నా కళ్ల ముందే బిగించాడు. మర్నాడు ఓవర్ ఓల్టేజీ ప్రొటెక్టర్ కూడా పెట్టించాను.

ఏ గది ఏ ఫేజు మీద ఉందో డీబీ మూత లోపల నాన్న మార్కర్‌తో రాసిపెట్టారు. ఎరుపు మీద కింది ఏసీ, వంటిల్లు. పసుపు మీద పై గదులు. నీలం మీద మోటారు, పోర్టికో. మొన్న పైన ఏసీ మొదటిసారి వేసినప్పుడు ఆయన హాల్లోనే నిలబడి ట్యూబ్‌లైట్ వంక చూస్తూ ఉన్నారు. అది కదల్లేదు. ఇక డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ మిగిలింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పైపు ఎలాగూ సిద్ధంగా ఉంది కాబట్టి వచ్చే వేసవిలోపు పెట్టించాలని చూస్తున్నాం.