తనిఖీ

నేను జైల్లో హెడ్ వార్డర్‌ని. ఏ జైలో రాయను, కోస్తాలో ఒకటనుకోండి. 2020 మార్చిలో, కరోనా మొదలైనప్పుడు, టీవీలో అందరూ 'దూరం, దూరం' అంటుంటే నాకు నవ్వొచ్చేది. మా పనే మనిషిని తడిమి చూడటం. రిమాండ్ ఖైదీని పోలీసులు తెచ్చి గేటు దగ్గర అప్పజెబుతారు. కాలరు మడత, నడుం పట్టీ, లుంగీ అంచు, చెప్పు అట్ట, చివరికి నాలిక కింద కూడా చూడాలి. ఆరడుగుల దూరంలో నిలబడి ఎవడి నోట్లో ఏముందో ఎలా చూస్తాం?

మొదట్లో మాకిచ్చినవి గుడ్డ మాస్కులే. అవీ మా ఖైదీలు కుట్టినవే. గ్లౌజులు చెమటకి చేతికి అతుక్కుని చిరిగిపోయేవి. కొత్తగా వచ్చినవాళ్ళని 14 రోజులు విడిగా ఓ బ్యారక్‌లో ఉంచేవాళ్ళం. ఆ డ్యూటీ పడినవాడి మొహం చూడాలి!

మార్చి 23న సుప్రీంకోర్టు, జైళ్ళలో రద్దీ తగ్గించడానికి ఎవరిని వదలొచ్చో తేల్చే కమిటీ ప్రతి రాష్ట్రంలోనూ వెయ్యమంది. మంచిదే. కానీ కాగితాలు మా గేటుకి చేరేసరికి బస్సుల్లేవు. చిన్న దొంగతనం కేసులో వచ్చిన ఓ కుర్రాడు సంచి పట్టుకుని బయట నిలబడి, "సార్, ఈ రాత్రికి లోపలే పడుకోనా?" అన్నాడు. వదిలేసిన మనిషిని లోపలికి ఎలా రానిస్తాం? సూపరింటెండెంటు గారు జీపు ఇచ్చి పంపారు.

ములాఖత్‌లు ఆపేశాక అసలు టెన్షన్ మొదలైంది. వీడియో కాల్ పెట్టారు సరే, పల్లెలో ముసలి తల్లికి ఆ ఫోన్ ఎక్కడిది? ఇంటి కబురు తెలియక ఒకడు రాత్రంతా ఊచలు పట్టుకుని కూర్చుంటే బ్యారక్ మొత్తానికి నిద్రుండదు. తెల్లారితే తిట్లు మాకు.

ఇంట్లో ఇంకో తనిఖీ. మా ఆవిడ పెరట్లో వేణ్ణీళ్ళు పెట్టి ఉంచేది. యూనిఫాం సర్ఫు నీళ్ళలో ముంచి, స్నానం చేశాకే గడప దాటనిచ్చేది. రెండు నెలలు డాబా మీదే పడుకున్నాను.

అయినా ఆగస్టులో నాకు కరోనా వచ్చింది. ఖైదీలే అంటించారని మావాళ్ళు, మేమే తెచ్చామని ఖైదీలు. వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది నాకు. రోజూ బజారుకీ ఇంటికీ తిరిగి వచ్చేది మేమే కదా.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు, పొలం తగాదా కేసులో ఒక పెద్దాయన్ని తెచ్చారు. నేను చెప్పకముందే రెండు చేతులూ చాపి, మొహం గోడవైపు తిప్పి ఊపిరి బిగబట్టాడు.

"ఏంటయ్యా?" అన్నాను.

"మీకు తగలకూడదు కదా బాబూ."

ఇంకా ఆయన్ని నోరు తెరవమనాలి నేను.