కెర్రీ ఏమైంది?

పన్నెండు దాటింది. స్టార్ వార్స్ కథల్లోని ఆండోర్ సిరీస్ రెండో సీజన్ ఇవాళ్టితో అయిపోయింది. ఈయన టీవీ కట్టేసి "బాగుంది కదా" అని వెళ్లి పడుకున్నారు. బాగుంది, కాదనను. నాకే నిద్ర పట్టడం లేదు. ఇంతకీ హీరో కాసియన్ చెల్లెలు కెర్రీ ఏమైనట్టు?

(ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను.)

2022లో మొదటి సీజన్ మొదలైందే ఆ పిల్లతో. వానలో తడుస్తూ కాసియన్ ఒక వేశ్యాగృహానికి వెళ్లి, తన సొంత గ్రహం కెనారీ నుంచి వచ్చిన అమ్మాయి ఎవరైనా ఉందా అని అడుగుతాడు. ఆ రాత్రే ఇద్దరు కాపలావాళ్లతో గొడవ, వాళ్లిద్దరూ చావడం. ఆ కేసే తరుముకుంటూ వచ్చి అతన్ని సామ్రాజ్యం మీద తిరుగుబాటులో పడేసింది. అంటే కథకి వేరు ఆ చెల్లెలు. 24 ఎపిసోడ్లు అయ్యాక కూడా ఆమె జాడ లేదు. లూక్‌కి లేయా తోబుట్టువని 1983లోనే తేల్చేసిన స్టార్ వార్స్ ఇది! మన పాత సినిమాల్లో పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టినట్టు, ఏదో ఒక మూల కెర్రీ కనిపిస్తుందని చివరిదాకా చూశాను.

అసలు రెండో సీజన్‌లో నన్ను ఇబ్బంది పెట్టింది ఆ హడావిడే. సిరీస్ సృష్టికర్త టోనీ గిల్‌రాయ్ మొదట అనుకున్నది ఐదు సీజన్లు, ఒక్కోదానికి ఒక్కో ఏడాది. అది కుదరక మిగిలిన నాలుగేళ్లనీ 12 ఎపిసోడ్లలో సర్దేశారు. మూడు ఎపిసోడ్లు, ఒక ఏడాది గెంతు. మళ్లీ మూడు, మళ్లీ గెంతు. తిరుగుబాటుదారు సింటా ఎన్నాళ్లకో వచ్చి, తన ప్రియురాలు వెల్‌తో మళ్లీ మాట కలిపి, అదే ఎపిసోడ్‌లో పొరపాటున పేలిన తుపాకీకి పోయింది. తర్వాతి ఎపిసోడ్ పెట్టేసరికి ఏడాది గడిచిపోయింది. ఏడవడానికి కూడా టైమివ్వలేదు.

మొదటి సీజన్‌లో ఇలా కాదు. నార్కినా జైలు కథకి మూడు ఎపిసోడ్లు పెట్టారు. ఖైదీలందరూ చెప్పుల్లేని కాళ్లతోనే ఉంటారు, నేలలో కరెంటు. రాత్రి నేల ఎర్రగా వెలిగినప్పుడు కాలు పెడితే ప్రాణం పోతుంది. ఆ వారమంతా మంచినీళ్లకి లేచినప్పుడు గచ్చు మీద కాలు మోపడానికి జంకాను. అందరినీ బయటికి నడిపించిన తోటి ఖైదీ కీనో చివరికి సముద్రం ముందు నిలబడి తనకి ఈత రాదంటాడు. అతనేమయ్యాడో కూడా చెప్పలేదు. అప్పుడు నాకు కోపం రాలేదు మరి.

దీని గురించి రాస్తుంటే నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ తమ్ముడు ఎస్సెల్సీ తప్పి, వాళ్ల నాన్న చేతిలో దెబ్బలు తిని, తునిలో రైలెక్కి వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదు. భగినీ హస్త భోజనం రోజున నానమ్మ ఒక ఆకు ఎక్కువ వేసేది. అన్నీ వడ్డించేది, పప్పు మీద నెయ్యితో సహా. అందరి భోజనాలూ అయ్యాక ఆ ఆకు తీసుకెళ్లి ఆవుకి పెట్టేది. పెళ్లిళ్లలో దూరం నుంచి ఎవరొచ్చినా, ఖరగ్‌పూర్ అన్నా భిలాయ్ అన్నా, పక్కన కూర్చుని అడిగేది: "ఏం బాబూ, అక్కడ మా తమ్ముడు గానీ తగిలాడా? పదహారేళ్లుంటాయి, సన్నగా ఉంటాడు, కనుబొమ్మ మీద గాటు." అప్పటికి ఆయనకి అరవై దాటి ఉంటాయి. మేమెవరం ఆ లెక్క సరిచెయ్యలేదు.

చివరి ఎపిసోడ్‌లో కాసియన్‌కి కలలో కెర్రీ కనిపిస్తుంది. ఇంకా చిన్నపిల్లే. ఇందాక చూసినప్పుడు ఇంతేనా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. వెతకడం మానెయ్యి, కెనారీలో ఎవరూ మిగల్లేదు అని పెంచిన తల్లి ఎప్పుడో చెప్పేసింది. అయినా ఆ పిల్ల అతని లోపల ఆ వయసులోనే ఆగి ఉంది. జాడ దొరికి ఉంటే ఆ కలకి చోటు ఉండేది కాదేమో. సింటా విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

పొద్దున్నే నాన్నకి ఫోన్ చెయ్యాలి. ఆ గాటు ఎడమ కనుబొమ్మ మీదా, కుడి దాని మీదా? నాకు గుర్తు రావడం లేదు.