చెయ్యి దూరని పైపులో నట్టు

మేం బెంగళూరు కేఆర్ పురంలో అద్దెకు ఉంటున్నాం. ఎనిమిదేళ్లలో ఇది నాలుగో ఇల్లు. మారిన ప్రతిసారీ మొక్కల స్టాండు పాత ఇంట్లోనే వదిలేసి వచ్చాను. వెల్డింగ్ చేయించింది కదా, లిఫ్టులో పట్టదు. అందుకే ఈసారి విప్పి మళ్లీ బిగించుకునేలా నేనే చేసుకుందామనుకున్నాను. అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజ్, అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు.

చిక్కంతా బోల్టు దగ్గరే వచ్చింది. పైపు లోపల నట్టు పట్టుకుందామంటే వేళ్లు దూరవు. అటు నుంచి ఇటు పొడుగు బోల్టు వేస్తే బిగించేకొద్దీ పైపు నొక్కుకుపోతుంది. పైపుకే ట్యాప్ కొడదామంటే, అంటే కన్నం లోపలే మరలు కోద్దామంటే, ఎమ్6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకు మర మరకీ మధ్య 1 మిల్లీమీటరు. ఆ మందంలో ఒకటిన్నర మరలే పడతాయి. మట్టికుండీల బరువుకు అవేం ఆగుతాయి?

హిందూపురంలో మా నాన్న ముప్పై ఏళ్లు లేత్ షాపు నడిపారు. ఫోన్ చేస్తే, "రివెట్ నట్టు వెయ్యమ్మా" అన్నారు. రెక్క వెనక్కి చెయ్యి పోని చోట విమానాలకు మంచు పట్టకుండా రబ్బరు పట్టీలు బిగించడానికి 1930లలో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ వాళ్లు తెచ్చిన ఉపాయమది. అది చిన్న గొట్టం లాంటి నట్టు, లోపలి కొసన మరలుంటాయి. కన్నంలో పెట్టి ఆ మరల కొసను మన వైపుకు లాగితే, మరలు లేని పల్చటి భాగం రేకు వెనకాల ఉంగరంలా ఉబ్బి పట్టేస్తుంది.

చేత్తో నొక్కే ప్లయర్‌తో స్టీల్ ఎమ్6 వేయడం నా మణికట్టుకు కష్టం. ఇరవై నాలుగు వేయాలి మరి. చిక్‌పేట మెట్రోలో దిగి ఎస్పీ రోడ్డుకు వెళ్లి డ్రిల్‌కు తగిలించే అటాచ్‌మెంట్ కొన్నాను. ఒక కొస డ్రిల్ చక్‌లో, అంటే బిట్టు పట్టే మూతిలో, బిగుస్తుంది, రెండో కొసన నట్టును ఎక్కించి లాగే మరల కడ్డీ, పక్కన చేతిపిడి. ఆ పిడిని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే పనిముట్టు మొత్తం గిర్రున తిరిగి చెయ్యి మెలిపెడుతుంది. మా ఆయన పిడి పట్టుకున్నారు, నేను డ్రిల్ నడిపాను.

మొదటి నట్టే పాడైంది. సెంటర్ పంచ్‌తో ముందు చిన్న గుంట కొట్టకుండా బిట్టు పెట్టాను, అది జారి కన్నం వెడల్పయింది. నేను కొన్న ఎమ్6కి 9 మిల్లీమీటర్ల కన్నం కావాలి, కాస్త ఎక్కువైనా నట్టు పట్టదు. బోల్టు బిగిస్తుంటే నట్టు కూడా దాంతోపాటే తిరిగింది. నాన్న ఫోన్‌లో ఆ చప్పుడు విని, "కన్నం పెద్దదైంది తల్లీ, దాన్ని తీసేసి పక్కన ఇంకోటి వెయ్" అన్నారు. నట్టు అంచును పట్టకారుతో కదలకుండా పట్టుకుని, డ్రిల్‌తో తొలిచి తీశాను.

తర్వాత ప్రతి చోటా పంచ్ కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 6, ఆఖరున 9 వేశాను. అంచున లేచిన ఇనుప పొట్టును ఆకురాయితో తీసేశాను. అది ఉంటే నట్టు రేకుకు ఆనుకుని కూర్చోదు. కడ్డీకి చుక్క నూనె. డ్రిల్ స్పీడు 1లో, క్లచ్ (ఎంత బిగువు దగ్గర డ్రిల్ వదిలేయాలో పెట్టుకునే అంకెల రింగు) తక్కువలో మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచాను. ముందు తేలిగ్గా తిరుగుతుంది, తర్వాత డ్రిల్ గొంతు బరువెక్కుతుంది, నట్టు అంచు రేకులో దిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడే ఆపాలి. ఇంకొంచెం లాగితే మరలు చెడతాయి. క్లచ్ సరిగ్గా కుదిరాక అదే టకటకమని వదిలేసింది. ఆపై రివర్స్‌లో తిప్పితే కడ్డీ బయటికి వస్తుంది.

అల్యూమినియం నట్లు చవకే, తేలిగ్గా కూర్చుంటాయి కూడా. కానీ వాటి మరలు మెత్తన. విప్పి బిగించే పని ఉన్నవాళ్లు స్టీలే కొనండి.

ఇప్పుడు పైమెట్టు మీద తులసి, కింద కరివేపాకు, రెండు గులాబీలు. తొలిచి తీసిన మొదటి నట్టు పైపులోనే పడిపోయింది. స్టాండు జరిపినప్పుడల్లా ఎడమ కాలులో గలగలమంటుంది.