కళ్లు తెరిచి నిద్రపోయే పింజ

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుకోసం హాస్టలుకు వెళ్తూ తన తెల్ల కుందేలు పింజను నాకు అప్పగించినప్పుడు చెప్పిన జాగ్రత్తలన్నీ తిండి గురించే. నిద్ర గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. గుంటూరు బ్రాడీపేటలోని మా రెండు గదుల వాటాలో దానితో గడిపిన మొదటి నెలంతా నన్ను వేధించిన విషయం ఒక్కటే, ఆ ప్రాణి కళ్లు మూయడం లేదు. పగలు ఎప్పుడు వంగి చూసినా సోఫా కింద నాలుగు కాళ్లూ ఒంటి కిందికి ముడుచుకొని, చెవులు వీపుకు ఆనించి, గుండ్రటి కళ్లతో గోడవైపు చూస్తూ ఉండేది. అమ్మాయి మీద బెంగతో నిద్ర మానేసిందని నేను తీర్మానించాను. బెంగ దానికి కాదు, మీకేనని మా ఆవిడ ఎంత చెప్పినా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించి, చివరికి దానిని బుట్టలో పెట్టుకొని పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాను.

ఆయన దానిని పరీక్షించి, కళ్లు కాదు, ముక్కు చూడండి అన్నారు. మెలకువగా ఉన్న కుందేలు ముక్కు ఆగకుండా అదురుతూనే ఉంటుంది. నిద్ర పట్టేకొద్దీ ఆ అదురు నెమ్మదించి, గాఢనిద్రలో దాదాపు ఆగిపోతుంది. కుందేలుకు కంటి లోపలి మూల నుంచి జరిగే మూడో రెప్ప ఒకటి ఉంటుందనీ, కన్ను తెరిచి ఉన్నా దానిని తడి ఆరకుండా కాపాడడంలో అది తోడ్పడుతుందనీ నాకు తెలిసింది అప్పుడే. మెలకువగా ఉన్నప్పుడు కూడా అది గంటకు పది పన్నెండు సార్లకు మించి రెప్ప వేయదట. నక్కకూ గద్దకూ ఆహారమయ్యే జంతువు కనుక, తల తిప్పకుండానే దాదాపు చుట్టూ కనిపించేలా దాని కళ్లు తలకు రెండు పక్కలా అమరి ఉంటాయి. అలాంటి కళ్లను మూసుకోవడమంటే కాపలా వదిలేయడమే. నేను సోఫా కింద చూసినదంతా, మనవాళ్లు కోడికునుకు అంటారే, అదన్నమాట.

నిజమైన నిద్ర ఎలా ఉంటుందో మూడో నెలలో చూశాను, చూసి హడలిపోయాను. ఒక మధ్యాహ్నం గది మధ్యలో నిలబడి ఉన్న పింజ, ఎవరో కాళ్లు లాగినట్టు దభీమని పక్కకు ఒరిగిపోయి, వెనుక కాళ్లు చాచి, తెల్లని పొట్ట బయటపెట్టి కదలకుండా పడిపోయింది. గుండె ఆగిందనుకొని నేను పెట్టిన కేకకు అది ఎగిరి లేచి, వెనుక కాలితో నేలను రెండుసార్లు బాది, బీరువా వెనకకు వెళ్లి సాయంత్రం దాకా బయటికి రాలేదు. కుందేళ్లు పూర్తి నిశ్చింతగా ఉన్నప్పుడే అలా పడి నిద్రపోతాయని తరువాత తెలిసి, దానికి ఇంటిమీద కుదిరిన తొలి నమ్మకాన్ని నా కేకతోనే చెడగొట్టానని సిగ్గుపడ్డాను. మళ్లీ అలా పడుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. ఇప్పుడైతే ఆ నిద్రలో మీసాలు, చెవుల కొసలు అదిరితే కలగంటోందని మేము గుసగుసగా చెప్పుకుంటాము.

వేళల విషయంలో దానిదే పట్టుదల. కుందేలు పగటి జీవీ కాదు, పూర్తిగా రాత్రి జీవీ కాదు. తెల్లవారుజామున, మునిమాపు వేళ హుషారుగా ఉండి, పగటిపూట ఎక్కువగానూ నడిరాత్రి కొంతగానూ విడతలు విడతలుగా నిద్రపోతుంది. నాలుగున్నరకే గిన్నె దొర్లించి నన్ను లేపుతుంది కనుక, మా ఇంట్లో అలారం మూలపడింది. గరిక, ఎండుగడ్డి రాత్రే పెట్టి పడుకుంటే ఆ దొర్లింపు కొంత తగ్గుతుంది.

పడక గురించి నేను చేసిన పొరపాటు తీగల పంజరం. కుందేలు అరికాళ్లకు కుక్కలకున్నట్టు మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. తీగల మీద పడుకుంటే పుండ్లు పడతాయి. మన పొలాల్లోని చెవులపిల్లి గడ్డి మాటున నేలమీదే పడుకుంటుంది కానీ, పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో బొరియలు తవ్వుకొని బతికినవి. అందుకే పంజరం తీసేసి, అట్టపెట్టెకు రెండు వైపులా ద్వారాలు కోసి, లోపల గోనెపట్టా పరిచాను. రెండో ద్వారం లేనప్పుడు అది అందులో నిద్రపోయేది కాదు. పారిపోయే దారి లేని ఇల్లు దానికి ఉచ్చులా తోచి ఉంటుంది.

గుంటూరు ఎండాకాలం మాత్రం అట్టపెట్టెతో తీరేది కాదు. కుందేలు చెమటతో ఒళ్లు చల్లబరుచుకోలేదు, పెద్ద చెవుల్లోని రక్తనాళాల ద్వారానే ఎక్కువ వేడిని వదులుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి వడదెబ్బ భయం ఉంటే, మనకు మే నెలలో 40 దాటడం మామూలు. అదృష్టవశాత్తు మాది నాపరాళ్లు పరిచిన పాత ఇల్లు కనుక, పగలంతా ఆ రాళ్లమీద బారుగా పడుకుంటుంది. పక్కన తువ్వాలు చుట్టిన ఐసు సీసా ఒకటి పెడతాము. ఆవకాయ కలిపే రోజున, కుందేలు ముక్కుతో తప్ప నోటితో సరిగా ఊపిరి తీసుకోలేదు కనుక, కారం ఘాటు తగలకుండా వెనుక గదిలో ఉంచి తలుపు మూస్తాము. అది నోరు తెరిచి రొప్పితే, నడుము గూనిగా పెట్టి పళ్లు గట్టిగా నూరుతూ కూర్చుంటే, లేదా పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, దానిని నిద్ర అనుకోకూడదు. వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు పింజ మొదటి రోజంతా సోఫా కింద కళ్లు తెరుచుకొనే కునికింది. రెండో రోజు సాయంత్రం ఆమె చెప్పుల పక్కన దభీమని పడిపోగానే, "నాన్నా, ఇదేమిటి ఇలా పడిపోయింది?" అని ఆమె లేవబోయింది. నేను చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టి, దాని ముక్కు చూడమన్నాను.